మౌలిక ఆధారం నంబరు 217

వంతెన కొట్టుకుపోయిన వరదకు నాలుగో ఏడు అది. మా గెడ్డపేటలో పెళ్లిళ్లు, చావులు, గేదెల ఈతలు అన్నీ ఆ వరద దగ్గర్నుంచే లెక్క. ఆ ఏడు ఆరుద్ర కార్తె వెళ్లిపోయినా సరైన వాన లేదు. పడిన నాలుగు చినుకులూ దుమ్ము అణగడానికి సరిపోయాయి. నేను ఆకుమడి పోసి పదిహేను రోజులైంది. ఆకు జానెడు లేచి పసుపు తిరుగుతోంది. ఇక ఊరి పక్కన పారే గెడ్డ నుంచి వచ్చే కాలువ ఒక్కటే దిక్కు. ఆ నీళ్లు ఇంటికో వంతు చొప్పున తొమ్మిది రోజులకోసారి వస్తాయి.

నీళ్ల దగ్గర మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. నీళ్ల పంపకం చూసే కాలువ పెద్ద పొద్దున్నే, కాలువకు నీళ్లు వదిలే మదుము మీద నిలబడి, ఆ రోజు ఎవరి వంతో వాళ్ల పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఆ పేరుగల మనిషే పలకాలి. పెళ్లాం పలికినా, కొడుకు పలికినా చెల్లదు. మూడో పిలుపుకి పలక్కపోతే వంతు పక్కవాడిది. నా పక్కవాడు పోలినాయుడు. నా వంతు రోజున నాకంటే ముందే పార భుజాన వేసుకుని వచ్చి నిలబడతాడు. ఇరవై ఏళ్లుగా అలాగే నిలబడుతున్నాడు. మంచివాడే.

సోమవారం నా వంతు అనగా శుక్రవారంనాడు యూనివర్సిటీ వ్యాను వచ్చింది. అందులోంచి ఆచార్య త్రివిక్రమరావు గారు దిగారు. పట్నంలో రెండు రోజులు 'ప్రాంతీయ చరిత్ర, ప్రవాస జనజీవనం' అని పెద్ద సదస్సు జరుగుతోందట. ఏడు దేశాల నుంచి మనుషులు వస్తున్నారట. ఆయన దానికి సంచాలకులట. వెనకటికి మా ఊరి నుంచి ముప్పయ్యారు ఇళ్లవాళ్లు ఓడలెక్కి మారిషస్ చెరుకు తోటలకు వెళ్లిపోయారు. ఏ ఇంటి నుంచి ఎవరు వెళ్లారో మా తాత వరసగా చెప్పేవాడు. అది నాకు నోటికి వచ్చు. అందుకని ఊరంతా నన్ను చూపించింది.

సోమవారం పొద్దుటికి నేను మదుము దగ్గర ఉండాలని చెప్పాను. ఎందుకు ఉండాలో కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"సదస్సు ఆదివారం మధ్యాహ్నానికి సమాప్తమవుతుంది. తదనంతరం తమరిని సగౌరవంగా స్వస్థలానికి చేర్చే బాధ్యత విశ్వవిద్యాలయం స్వీకరిస్తుంది" అన్నారు.

మా ఆవిడ నీలమ్మ గుమ్మంలోంచి అంతా వింది. "ఆ బాబు సెప్పినదాన్లో వొస్తావని ఉందా, రావని ఉందా?" అని నన్ను అడిగింది. వస్తాననే ఉందని చెప్పి వ్యానెక్కాను.

దారిలో ఊళ్లన్నీ తిరిగి శనివారం పొద్దున్నే యూనివర్సిటీ చేరాం. గేటు దగ్గర గుమాస్తా ముందు మూడు రిజిస్టర్లు ఉన్నాయి. ప్రతినిధులకు ఒకటి, అతిథులకు ఒకటి, సామగ్రికి ఒకటి. ఏదో ఒక రిజిస్టరులో ఎక్కకుండా సదస్సు ముగిసేదాకా చీమ కూడా లోపలికి పోవడానికి లేదని పైనుంచి ఉత్తరువు. ప్రతినిధి కావాలంటే తక్కువలో తక్కువ ఎమ్మే చదవాలి. నేను మూడో తరగతి. అతిథి కావాలంటే పాలకమండలి ఆమోదించాలి. అది మూడు నెలలకోసారి కూర్చుంటుంది. మళ్లీ కూర్చోవడం దీపావళి తర్వాత.

త్రివిక్రమరావు గారు గుమాస్తాను బతిమాలారు, కోప్పడ్డారు, మళ్లీ బతిమాలారు. గుమాస్తా వ్యానులోకి తొంగి చూశాడు. లోపల ఊళ్లలో సేకరించిన తాటాకు కట్టలు రెండు, రాగిరేకు ఒకటి, నేను ఉన్నాం.

"ఈయన ఏ పనిమీద వచ్చినట్టండి?"

"మా పరిశోధనకు మౌలిక ఆధారం."

"ఆ ముక్క ముందే సెలవివ్వాలి కదండి" అని గుమాస్తా మూడో రిజిస్టరు తెరిచాడు. తాటాకు కట్టలకు 214, 215. రాగిరేకుకు 216. నాకు 217. నంబరు చీటీ దారంతో నా చొక్కా బొత్తానికి కట్టారు. నాకు ఇబ్బందేమీ అనిపించలేదు. సంతలో గొడ్లకు కూడా కడతారు.

సామగ్రి అన్నాక పత్రభాండాగారానికి వెళ్లాలట. దాని అధికారి సుదర్శనం గారు. సన్నటి మనిషి. ముప్పయ్యొక్క ఏళ్ల సర్వీసులో ఒక్క కాగితం పోగొట్టినవాడు కాదు. నన్ను దీపం కింద నిలబెట్టి చుట్టూ తిరిగి చూసి పుస్తకంలో రాసుకున్నారు. రాస్తూ పైకి చదివారు గనక నాకు తెలిసింది. వృద్ధుడు, ఒకటి. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. స్థితి మోస్తరు. అంచులు నలిగినవి. ముందువైపు మూడు లోపించినవి. ఇది పళ్ల మాట. ఎడమ మోకాలి దగ్గర పాత కుట్టు ఒకటి. రెండో ప్రతి లభ్యం కాలేదు.

ఆ గది చల్లగా, బాగానే ఉంది. ఇనప అరల మధ్య బల్లమీద నన్ను కూర్చోబెట్టి, పురుగు పట్టకుండా నా రెండు జేబుల్లోనూ కర్పూరపు వాసన వేసే తెల్ల గోళీలు వేశారు. చూడ్డానికి వచ్చిన పండితులు తెల్ల చేతితొడుగులు వేసుకుని నాకు నమస్కారం పెట్టారు. ఒకాయన తొడుగు మరిచిపోయి నా భుజం మీద చెయ్యివేస్తే సుదర్శనం గారు ఆయన్ని బయటికి పంపించేశారు.

మధ్యాహ్నం అయ్యేసరికి పక్క వసారాలోంచి పులిహోర తిరగమోత వాసన వచ్చింది. గోడమీద బోర్డు ఉంది. పత్రాలకు పదడుగుల దూరంలో ఆహార పానీయాలు నిషిద్ధం. ఆకలేస్తోందని చెప్పాను. సుదర్శనం గారు చాలా బాధపడ్డారు. ఆధారానికి పదడుగుల దూరంలో ఆహారం పెట్టవచ్చు గాని ఆధారం అక్కడికి వెళ్తే దూరం మళ్లీ సున్నా అవుతుందన్నారు. ఆయన కూడా భోజనం మానేసి నిబంధనల పుస్తకం పట్టుకు కూర్చున్నారు. రెండు గంటలవేళ ముఖం విప్పారింది. ఎండి పెళుసెక్కే ప్రమాదం ఉన్న ఆధారాలకు తగిన తేమ, తగిన లేపనం సమకూర్చవచ్చునని ఒకచోట ఉందట. ఆయన సొంత కారియర్లోంచి పెరుగన్నం తెచ్చి నాకు పెట్టారు. పుస్తకంలో, 'లేపనం, ఒక గిన్నె. లోపలివైపు పూయబడినది' అని రాసుకున్నారు. మాగాయ సంగతి రాయలేదు.

ఆ సాయంత్రం నన్ను సభకు తీసుకెళ్లారు. వేదిక మీద బల్ల, బల్ల మీద కుర్చీ, కుర్చీలో నేను, చుట్టూ తాడు. త్రివిక్రమరావు గారు లేచి గంటసేపు పత్రం చదివారు. గెడ్డపేట జనం ఎందుకు వెళ్లారు? ప్రపంచంలో పంచదార ధర పెరిగింది. ఆ ధర వీళ్లను లాగింది. దీని పేరు ఆకర్షణ సిద్ధాంతం. "ఇందుకు సాక్ష్యం: మౌలిక ఆధారం 217, కుడివైపు" అని బెత్తంతో నా కుడి చెయ్యి చూపించారు. సభ అంతా రాసుకుంది. నేను కూడా చెయ్యి చూసుకున్నాను.

ఆయన కూర్చోగానే ఆచార్య వసుంధరాదేవి గారు లేచారు. ఆవిడది వికర్షణ సిద్ధాంతం. ఎవరూ లాగలేదు, కరువు వచ్చి తోసింది. "మౌలిక ఆధారం 217, ఎడమవైపు" అని ఆవిడ నా ఎడమ చేతి కాయలు చూపించారు. త్రివిక్రమరావు గారు ఎడమవైపు తేమకు పాడైందన్నారు. ఆవిడ కుడివైపు నకిలీ అన్నారు. తాడు అటూ ఇటూ సాగింది. ఒకరు కుడి చెయ్యి, ఒకరు ఎడమ చెయ్యి పుచ్చుకున్నారు. సుదర్శనం గారు మెట్ల దగ్గర నిలబడి, ఆధారాన్ని మడవవద్దని వేడుకుంటున్నారు.

అప్పుడు ఉదాహరణ కోసం త్రివిక్రమరావు గారు ఓడ రిజిస్టరులోంచి ఒక పేరు చదివారు. ఎర్రన్న, గెడ్డపేట. ఈ ఎర్రన్నను పంచదార లాగిందని ఆయన, కరువు తోసిందని ఆవిడ. నాకు ఊరుకోవడం కష్టమైంది.

"ఎర్రన్న మా తాతకి సిన్నాయన" అన్నాను. "పంచదారా కాదు, కరువూ కాదు. సేపల పులుసులో ఉప్పు నేదని వొదినితో తగువాడి సగం అన్నం కాడ నేసిపోనాడు. సాయంత్రానికి వొస్తానన్నాడు."

సభ రాసుకోవడం ఆపేసింది. అధ్యక్షుడు పెద్దాయన. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని లేచారు.

"సభ్యులు ఒక మౌలిక సూత్రం గుర్తుంచుకోవాలి. ఆధారం ఉండును. మాట్లాడేది మనం. ఇప్పుడు వినబడిన భాగం మిగతా ఆధారంతో పొసగడం లేదు. ఎలాగనగా, మిగతా ఆధారమంతా మౌనంగా ఉన్నది. కనుక ఈ మూడు నాలుగు వాక్యాలూ ఎవరో తరువాతి కాలంలో చేర్చిన ప్రక్షిప్తాలుగా నిర్ణయిస్తున్నాను."

చప్పట్లు కొట్టారు. పోట్లాడుకుంటున్న ఇద్దరూ కూడా నా చేతులు వదిలి కొట్టారు. మర్నాడు ఉదయానికల్లా ఒక యువ పండితుడు '217లో ప్రక్షిప్తాలు: ఒక పరిశీలన' అని ఇరవై పేజీల పత్రం చదివాడు. నేను అన్నది నాలుగు ముక్కలు. వాటిలో ఉప్పు ప్రస్తావన మరీ అర్వాచీనమని తేల్చాడు.

ఆదివారం మధ్యాహ్నం చివరి సభలో తీర్మానాలు చదివారు. ఆరో తీర్మానం నా గురించి. ఇంతటి అపురూపమైన ఆధారాన్ని తిరిగి గెడ్డపేటవంటి బురద ప్రదేశానికి పంపడం చరిత్ర పట్ల ద్రోహమనీ, కనుక విశ్వవిద్యాలయం శాశ్వతంగా స్వాధీనం చేసుకోవాలనీ. ఏకగ్రీవం. కొత్తగా స్వాధీనమైన సామగ్రినంతా సోమవారం ఉదయం ఏడు గంటలకు పెట్టెగదిలో పెట్టి మూడు రోజులు పురుగుమందు పొగ వెయ్యాలని ఏడో తీర్మానం.

సోమవారం ఏడు గంటలకు నా పేరు పిలవడం, పలికేవాడు లేకపోవడం, పోలినాయుడు పార ఎత్తడం నా కళ్లముందు ఆడాయి. మళ్లీ వంతు తొమ్మిది రోజులకు. అప్పటికి ఆకుమడిలో కోసి గొడ్లకు వెయ్యడానికి కూడా ఏమీ ఉండదు. పొగ సంగతి అటు తర్వాత తట్టింది.

త్రివిక్రమరావు గారి దగ్గరకు వెళ్లి ఆయన శుక్రవారం ఇచ్చిన మాట గుర్తుచేశాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. స్వస్థలానికి చేరుస్తానన్న మాట వాస్తవమే గాని, ఈ తీర్మానంతో నా స్వస్థలం భాండాగారం అయిందనీ, నేను అక్కడే ఉన్నాననీ, కనుక మాట నిలబెట్టుకున్నట్టేననీ చెప్పారు.

నడిచి గేటు దాకా వెళ్లాను. కాపలా మనిషి మా వైపువాడే. నా బొత్తానికి ఉన్న చీటీ చూసి తల అడ్డంగా తిప్పాడు.

"తాతా, నువ్వు సామానువి. సామాను పాసు నేకుండా గేటు దాటితే నా ఉజ్జోగం పోతాది. నువ్వు నడిసెల్నావంటే ఎవుడు నమ్ముతాడు? నానే మోసీసినానంటారు."

అతనికి ముగ్గురు పిల్లలట. తిరిగి వచ్చి బల్ల మీద కూర్చున్నాను.

సుదర్శనం గారు అప్పటికే పుస్తకంలో తల దూర్చి ఉన్నారు. ఊపిరి ఉన్న ఆధారానికి తాను ఇంతవరకు పొగ పెట్టలేదనీ, పెట్టకూడదని మాత్రం ఎక్కడా కనబడ్డం లేదనీ చెప్పారు. చెదలు పట్టి పనికిరాదని ముగ్గురు సభ్యులు ధ్రువీకరిస్తే స్వాధీనాన్నే రద్దు చేయవచ్చట. నా వీపు, కాళ్లు అన్నీ వెతికారు. చెదలు లేవు. ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి.

అంతలో తలుపు దగ్గరకు ఒకావిడ వచ్చి నిలబడింది. అరవై ఏళ్లుంటాయి. ఒత్తు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. కోటంచు చీర కొత్తగా కట్టుకున్నట్టు అస్తమానం సర్దుకుంటోంది. చేతిలో చదువరుల దరఖాస్తు. సుదర్శనం గారు పైకి చదివారు. పేరు: లీనా ఎర్రన్న. దేశం: మారిషస్. కావలసిన ఆధారం: 217. ప్రయోజనం అన్నచోట 'ముత్తాత' అని ఉంది.

మారిషస్‌లో ముత్తాత పేరే ఇంటిపేరు అయిపోయిందట. నిన్న సభలో వెనక వరసలో కూర్చుని నా మాటలు విన్నదట. తెలుగు ఆదివారం బడిలో పుస్తకం చూసి నేర్చుకుందట.

"అయ్యా, నమస్కారము" అంది. "మీరు నిన్న చెప్పినది నిజమేనా? వారు సాయంత్రమునకు వచ్చెదనని చెప్పిరా?"

నేను నోరు తెరిచాను. సుదర్శనం గారు గోడమీది 'నిశ్శబ్దం' బోర్డు చూపించారు. పఠన మందిరంలో చదువరులు పత్రాలను మనసులోనే చదువుకోవాలి. ఆవిడకు ఎదురు కుర్చీ వేశారు, ఒక పెన్సిలు ఇచ్చారు. ఆవిడ నన్ను చదవడం మొదలుపెట్టింది. అరగంట చదివింది. నేను కూడా చూశాను. ముక్కు అచ్చం మా మేనత్తదే. మా మేనత్త కూడా అన్నంలో ఉప్పు తగ్గితే ఒప్పుకునేది కాదు.

చివరికి ఆ పెన్సిలు నేను పుచ్చుకున్నాను. దరఖాస్తు వెనక వచ్చినన్ని అక్షరాలు కూడబలుక్కుని రాశాను. రేపు నీళ్ల వంతు. నేను పలకాలి. ఇంటికి తీసుకుపో.

ఆవిడ చదివి, కాగితం సుదర్శనం గారి ముందు పెట్టింది. ఆయన దాన్ని రెండు వైపులా తిప్పి చూశారు.

"పత్రం మీద రాయకూడదని ఉంది" అన్నారు. "పత్రం రాయకూడదని ఎక్కడా లేదు."

మళ్లీ పుస్తకం తిప్పారు. ఈసారి అట్టే వెతకలేదు. ఆ ఉదయమే విశ్వవిద్యాలయానికీ మారిషస్‌లోని ఏదో సంస్థకూ అవగాహన ఒప్పందం కుదిరింది. పూలదండలు వేసుకుని ఫోటో కూడా దిగారు. దాని ప్రకారం ఆ దేశపు చదువరులు ఏ ఆధారాన్నయినా పద్నాలుగు రోజులు ఇంటికి తీసుకెళ్లవచ్చు. ఏ ఇంటికి అన్నది ఒప్పందంలో రాయలేదు.

కబురు తెలిసి త్రివిక్రమరావు గారు ఆయాసపడుతూ వచ్చారు. శాశ్వత స్వాధీనం, తీర్మానం, ఏకగ్రీవం అన్నారు. సుదర్శనం గారు కుర్చీలోంచి లేవలేదు.

"కాదనమంటే కాదంటానండి. కారణం తమరు రాసివ్వండి. ఫోటో రేపు పేపర్లో వస్తుంది. దాని పక్కన ఆ కారణం కూడా వేసుకుంటారు" అన్నారు.

త్రివిక్రమరావు గారు ప్రవాసుల సంస్థతో సహకారం చరిత్రాత్మకమని చెప్పి వెళ్లిపోయారు.

నిబంధనలు చదివి లీనా చేత సంతకం పెట్టించుకున్నారు. ఆధారాన్ని మడవరాదు. ఇతరులకు అరువివ్వరాదు. అడుగున గీతలు గీయరాదు. గేటు పాసు మీద పేరు ఉండాల్సిన చోట 217, ఎన్ని అన్నచోట ఒకటి అని వేశారు. సుదర్శనం గారు గేటు దాకా వచ్చారు. గడువు దాటితే తాకీదు పంపుతాననీ, తాకీదులు చేరడానికి ఈ మధ్య ఏడాది పడుతోందనీ చెప్పి, నా జేబుల్లోంచి తెల్ల గోళీలు తనే తీసేశారు.

బస్సులో లీనా నాకు సామాన్ల టిక్కెట్టు అడిగింది. నిబంధన అలాగే ఉందని కాగితం కూడా చూపించింది. కండక్టరు ఆ కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"పైన టాపు మీదికెక్కించమంటారేటమ్మా తాతని?"

"వలదు. కిటికీ చెంత" అంది ఆవిడ. కండక్టరు మనిషి టిక్కెట్టే ఇచ్చి, చిల్లర ఇచ్చేటప్పుడు నాకొక నమస్కారం పెట్టాడు.

పొద్దు వాలేవేళకు ఊరు చేరాం. నీలమ్మ వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. నా వెనక ఉన్న మనిషిని చూసింది. ఎవరని కళ్లతో అడిగింది. ఉప్పు లేదని లేచిపోయిన ఎర్రన్న మునిమనవరాలని చెప్పాను.

లీనా రెండు చేతులూ జోడించింది. "వారు సాయంత్రమునకు వచ్చెదనని చెప్పిరి. ఆలస్యమైనది. క్షమించవలెను" అంది.

నీలమ్మ పొయ్యి మీద మూత తీసి చూసింది.

"ఇంత ఆలీసమైతే కూర సల్లారదేటమ్మా? కూకో. ఎచ్చబెడతాను" అంది. వడ్డించేటప్పుడు ఉప్పు డబ్బా తెచ్చి ఆవిడ కంచం పక్కనే పెట్టింది.

ఆవిడ రుచి చూసి, చిటికెడు వేసుకుంది.

మర్నాడు పొద్దు పొడవక ముందే లేచి మదుము దగ్గరికి వెళ్లాను. పోలినాయుడు అప్పటికే పారతో నిలబడి ఉన్నాడు. నన్ను యూనివర్సిటీవాళ్లు ఉంచేసుకున్నారని ఎవరో చెప్పారట. "నిన్నుంచుకుని ఏటి సేసుకుంటార్రా" అని అడిగాడు. కాలువ పెద్ద మదుమెక్కి నా పేరు పిలిచాడు. మొదటి పిలుపుకే పలికాను. ఆ రోజు ఎందుకో గెడ్డ అవతలి గట్టుకు వినబడేలా పలికాను. పోలినాయుడు పార దించి, బీడీ వెలిగించుకుని ఇంటికి పోయాడు. మడవ కొట్టి నీళ్లు మళ్లించాను. నెర్రెల్లోకి బుడబుడమని దిగుతున్నాయి. లీనా గట్టు మీద గొంతుక్కూర్చుని, ఎర్రన్న ఇంటి పక్క ఇల్లు ఎవరిదని అడిగింది. పార పాతేసి, నీళ్లలో నిలబడి, ఆ ఇంటితో మొదలుపెట్టి చెప్పాను. ఇరవై మూడో ఇంటికి వచ్చేసరికి ఆకుమడి నిండింది. మడవ కట్టేసి ఇద్దరం గంజికి వెళ్లాం.